లందలో చెయ్యి

గడ్డపార రాతికి తగిలి ఖంగుమంది. పోశన్న అరచేతులు జివ్వుమన్నాయి. నడుములోతు గుంత తవ్వేసరికే పొద్దు నెత్తిమీదికొచ్చింది. సీతారాం పటేల్ మాత్రం వేపచెట్టు నీడలో మంచం వాల్చుకుని, "నిలువులోతు తవ్వుండ్రి రా, నక్కలు పీకొద్దు" అంటున్నాడు.

గుంత పక్కన పటేల్ తెల్లెద్దు చచ్చి పడి ఉంది. కొమ్ములకు పసుపు, మెడలో దండ, మీద కొత్త ధోవతి. శంకర్‌పట్ బండిపందేల్లో పేరు తెచ్చిన ఎద్దు. కన్నతండ్రి పోయినప్పుడు కూడా పటేల్ ఇంతగా ఏడ్చి ఉండడు.

రాజురా తాలూకాలోని ఆ ఊళ్లో పశువు చస్తే మాదిగవాడ వాళ్లే మోసుకుపోవాలి. మోసినవాళ్లకు తోలు. ఆ తోలుకు బదులుగా పటేల్ ఇంటిల్లిపాదికీ చెప్పులు, ఎడ్లకు పలుపులు, పెళ్లికీ చావుకూ డప్పు. కూలి మాట లేదు. పొద్దున పటేల్ కబుర్లు మోసే మస్కూరి ఎల్లన్న వచ్చి, ఇంటికో మనిషి డప్పుతో సహా రావాలని కేకేసినప్పుడు పోశన్న తనలో తాను సర్ది చెప్పుకున్నాడు. పోతే పోయింది ఒక పూట, వాడవాళ్ల తోలుపని సంఘానికి ఇంకో పెద్ద తోలు వస్తుంది కదా అని. తీరా వచ్చాక పటేల్ అన్నాడు, కత్తి తాకనివ్వను, నిండు తోలుతో సమాధి చేస్తానని. తోలే దక్కనప్పుడు చాకిరీ ఎందుకని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

సంఘం పుట్టి ఏడాది కాలేదు. చాందాలో సర్కారు పెట్టిన తోలుపని శిక్షణకు పోయొచ్చి, పోశన్నే వాడనంతా కూర్చోబెట్టాడు. "ఎవరి వంతు తోలు వాళ్లు నానేసి ఊనుకుంటే ఎన్నడు బాగుపడ్తం? అన్నీ ఒక్క లందలనే ఏద్దాం" అన్నాడు. తోళ్లు నానబెట్టే గుంతే లంద. నా దున్నపోతు తోలుకూ నీ బక్కెద్దు తోలుకూ ఒక్కటే లెక్కనా అని నెలల తరబడి తగాదాలు పడ్డారు. అలిగారు, తాగి తిట్టుకున్నారు, చివరికి వేశారు. చాందా బజారులో చెప్పుల దుకాణం పెట్టిన రామనాథం సేటు, లాల్‌పేట్ బొగ్గుబావుల కూలీలకు చెప్పులు కావాలన్నాడు. జోడు మూడున్నరకు తీసుకుంటాడట, ముందు తోలు చూపించాలట. దినమంతా కైకిలి చేస్తే రూపాయి చేతికి రాని ఊళ్లో మూడున్నర!

ఆ తోళ్లే ఇప్పుడు లందలో, సున్నపునీళ్లలో ఉన్నాయి. వెంట్రుక ఊడే అదను ఇయ్యాళే. ఎండాకాలపు సున్నం ఆగదు. పూట మించితే తోలు చీకిపోతుంది.

పొద్దున బయల్దేరుతుంటే పోశన్న భార్య సారక్క అంది: "మీరు పోండ్రి. తోళ్లు నేను తీస్త."

"ఆడదాని చెయ్యి లందల పడొద్దే. ఎల్లమ్మ ఉంటది అండ్ల."

"ఎల్లమ్మ ఆడిదే గదయ్యా?"

జవాబు దొరకని మగవాడికి కోపం దొరుకుతుంది. "సంఘం మొదటి తోళ్లు. ఇయ్యాళనే అపచారం జెయ్యకు. పొద్దెక్కేసరికి వచ్చి మేమే తీస్తం" అని పోశన్న కసిరి వచ్చాడు.

ఇప్పుడు పొద్దు ఎక్కడమే కాదు, వాలుతోంది. గడ్డపార కింద పెట్టి పటేల్ ముందు వంగాడు.

"బాంచెను పటేలా, తోళ్లు సున్నంల ఉన్నయి. ఒక్కన్ని పంపుండ్రి. సంఘం తోళ్లు..."

"మీ క్లబ్బుయా?" పటేల్ కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "క్లబ్బంటే సాహెబులు కూసోని పత్తాలాడేది. మీకు క్లబ్బేందిరా? నిన్నమొన్నటి దాంక ఆదిలాబాదు అన్నరు, ఎన్క నాందేడు అన్నరు, ఇప్పుడు చాందా అంటున్నరు. ఎన్ని జిల్లాలు మారినా మీరు తోళ్లు కడిగేది నా చేన్ల పారే వాగులనే గద?"

పోశన్న తల వంచాడు. వాగు లేకపోతే లంద లేదు. వెనక గుంతలో తవ్వుతున్న సమ్మన్న మెల్లగా అన్నాడు: "సంఘం అధ్యక్షా, గడ్డపార అందుకో."

గుంత తవ్వడం, ఎద్దును దించడం, మట్టి కప్పడం అయినా పటేల్ వదల్లేదు. సమాధి చుట్టూ డప్పు కొట్టించాడు. చచ్చిన గొడ్డు తోలు చంకనేసుకుని, చచ్చిన గొడ్డు కోసం పొద్దుగూకేదాకా కొట్టారు.

వాడకు తిరిగొచ్చేసరికి సారక్క లంద గట్టుమీద కూర్చుని ఉంది. పోశన్న గుంతలో చెయ్యి పెట్టి పైతోలు పట్టి లాగాడు. వేలు అందులో దిగిపోయింది. ఇంకోటి లాగాడు. అదీ చినిగి చేతిలో ముద్దయింది. అట్టడుగుది కూడా అంతే.

సమ్మన్న వంగి చూసి, "చెప్పులేంది, జుర్రుకుంట తాగొచ్చు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"పగటీలికే వెంట్రుక ఊడింది." సారక్క గొంతు పెంచలేదు. "కట్టెతోని కదిపి సూసిన. పైకి లేపుదామంటే కట్టెకు రాకపాయె. చెయ్యి వెట్టలె. నువ్వు వద్దన్నవు గద."

పటేల్ తిట్టినా ఇంత నొప్పి పుట్టలేదు పోశన్నకు. రామనాథం సేటుకు ఏం చూపిస్తాడు? తగాదాలు పడి తోళ్లు వేసిన వాళ్లకు ఏం చెప్తాడు? వాళ్లంతా అక్కడే నిలబడి అతని మొహంలోకి చూస్తున్నారు.

అంతలో మస్కూరి ఎల్లన్న ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చి, దూరంగా ఆగాడు.

"పోశన్నా, మూడొద్దుల దాంక డప్పు మోగాల్నంటుండు పటేలు. తెల్లారంగనే రావాలె, అందరు. ఇగ ఆ దినాలకు ఆయనకు కొత్త చెప్పులు గావాల్నట."

పోశన్న నోరు అలవాటుగా తెరుచుకుంది. 'అట్లనే' అనే మాట పెదవుల దాకా వచ్చింది. ఆలోపే సారక్క లేచి అతని భుజం మీది డప్పు లాక్కుంది. మోకాళ్లమీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో సున్నపునీళ్లలోకి మోచేతుల దాకా ముంచి అదిమి పట్టింది. బుడగలు తేలాయి.

"చెప్పుపో ఎల్లన్నా" అంది. "డప్పు నానవెట్టినమని చెప్పు."

"వాగు మూసేస్తడు సారక్కా!" అన్నాడు ఎల్లన్న.

సారక్క చేతులు పైకి తియ్యలేదు. ఆపాలని పోశన్న ఒక అడుగు వేశాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక సమ్మన్న తన భుజం మీది డప్పును కిందికి దించి, ఏం చెయ్యాలో తెలియనట్టు గుండెకు ఆనించి పట్టుకున్నాడు.