వసపిట్ట మౌనవ్రతం

వీధి వీధంతా ఆమెను వసపిట్ట అనేది. అలాంటి మనిషికి నోరు మెదపకూడని ఉద్యోగం దొరికింది. అంతరించిపోతున్న ఎర్రకాళ్ల కొంగల పిల్లలను సాకి చిత్తడి నేలల్లో వదిలే కేంద్రం అది. ఒళ్లంతా తెల్లటి ముసుగు వేసుకుని, చేతికి కొంగతల బొమ్మ తొడుక్కుని, దాని ముక్కుతో చేపముక్కలు అందించాలి. మనిషి గొంతు వాటి చెవిన పడకూడదు. పడితే మనుషులను నమ్ముతాయి. మనిషిని నమ్మిన కొంగ బతకదు.

"నోరు మూసుకున్నందుకు జీతమా?" అన్నాడు దర్జీ మొగుడు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఈ ఇంట్లో ఆ పని ఇన్నేళ్లుగా నేను ఊరికే చేస్తున్నానే!"

ఏడో నంబరు పిల్లకు జబ్బు చేసి విడిగా పెట్టారు. మూడు రోజులు మేత ముట్టలేదు. నాలుగో రోజు మెడ వాల్చేసింది. వసపిట్ట ప్రాణం ఉసూరుమంది. "తిను నాన్నా" అనేసింది. పిల్ల తలెత్తి, ముక్క మింగింది. ఆ తర్వాత పది రోజులు "నాన్నా" అంటేగాని ముక్క దిగలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

రెక్కలొచ్చాయి. వదిలే ముందు పరీక్ష పెట్టారు. కేంద్రం నడిపే డాక్టరమ్మ ముసుగు లేకుండా కంచె దగ్గర నిలబడి కేకలేసింది, చప్పట్లు కొట్టింది. కొంగలన్నీ దూరం జరిగాయి, ఏడో నంబరుతో సహా. డాక్టరమ్మ కలం తీసింది.

వసపిట్ట ఆ కలం వైపే చూసింది. చెబితే తన ఉద్యోగం పోతుంది, పిల్ల ఈ వలగూట్లోనే ఉండిపోతుంది. చెప్పకపోతే? ఏ తల్లో కొడుకును "నాన్నా" అని పిలుస్తుంది, ఇది వెళ్లి ఆ వాకిట్లో వాలుతుంది. "నాన్నా" అన్న పిలుపు వినబడని ఇల్లెక్కడుంది?

"దీనికి వేరే పరీక్ష ఉందండీ," అని కంచె దగ్గరికెళ్లి పిలిచింది. ఏడో నంబరు పొడుగుకాళ్లతో గబగబా వచ్చేసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "దీన్ని పెద్ద కొంగల్లో కలుపుతాం. మూడు నెలలు నువ్వు అటు రాకు. ఆ తర్వాత నువ్వే పిలవాలి. వచ్చిందా, ఇక జన్మంతా లోపలే."

మూడు నెలలు వసపిట్ట చేపలు కోసే గదిలో పనిచేసింది. ఇంట్లోనూ మాట తగ్గింది. "ఏదో ఒకటి అనవే, పని తోచడం లేదు," అని మొగుడే బతిమాలుకున్నాడు.

పరీక్ష రోజు "నాన్నా" అని లోగొంతుకతో గొణిగింది.

"అలా కాదు. అప్పుడెలా పిలిచావో అలాగే పిలువు," అంది డాక్టరమ్మ.

గొంతు కాస్త మారిస్తే పిల్ల పోల్చుకునేది కాదు, ఆ మోసం ఎవరికీ తెలిసేదీ కాదు. ఆమె మార్చలేదు. కడుపులో ఉన్న ప్రేమంతా పెట్టి, "రా నాన్నా, తిను నాన్నా" అని పిలిచింది.

ఏడో నంబరు ఒకసారి ఇటు చూసింది. ముక్కు టకటకలాడించి, రెక్కలు విప్పి, అవతలి మూలకు ఎగిరిపోయింది.

'వదలొచ్చు' అని రాసుకుంది డాక్టరమ్మ.

వసపిట్టకు సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నన్ను మరిచిపోయిందండీ, దొంగమొహంది," అంది ముక్కు తుడుచుకుంటూ. "బతికిపోయింది."