రెండు బిందెల బోరు నీళ్ళు

దేవసహాయం మేస్త్రి వంట తిని పెదవి విరిచిన మనిషి తెనాలి చుట్టుపక్కల ఇంకా పుట్టలేదని చెప్పుకునేవారు. చెప్పుకునేది ఎక్కువగా దేవసహాయమే అనుకోండి. అయినా ఆ మాటలో అబద్ధం లేదు. చర్చి పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఏళ్ళ తరబడి గరిటె తిప్పిన చెయ్యి అది. అలాంటి మనిషి ఇంట్లో సొంత మనవరాలు, ఆరేళ్ళ పింకీ, రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు.

పింకీకి ఆటిజం. పిలిస్తే పలకదు. కళ్ళలోకి చూడదు. మనమన్న మాటే మళ్ళీ మనకు అప్పజెప్పుతుంది. మునివేళ్ళ మీద నడుస్తుంది. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతుంది. దేవసహాయం కూతురు స్నేహ బాపట్లలో టీచరు. "అది జబ్బు కాదు నాన్నా, దాని బుర్ర అల్లుకున్న తీరే వేరు. మనకి తేలికైనవి దానికి కష్టం, మనకి అసలు తెలియనివి దానికి తెలుస్తాయి" అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆయన తల ఊపేవాడు. తల ఊపితే పోయేదేముంది. లోపల మాత్రం ఇదంతా గారాబం, మొండితనం అనే అనుకునేవాడు.

ఆ పిల్ల తినేది ఒక్కటే, పాత్రలో గుడ్డ పరిచి వండే తెల్లటి ఇడ్లీ. చట్నీ తగలకూడదు, కారప్పొడి ఆ చుట్టుపక్కలకు రాకూడదు, నెయ్యి చుక్క పడిందా, ప్లేటు అవతలికి పోతుంది. బిర్యానీతో వెయ్యిమందిని మెప్పించినవాడికి ఇదెంత అవమానమో చూడండి. అయినా పిల్ల తెనాలి వచ్చినప్పుడల్లా ఇడ్లీ ఆయనే పెట్టేవాడు, ఇంకెవర్నీ పెట్టనిచ్చేవాడు కాదు. అల్లుడు కిరణ్ కుమార్‌కి కడుపు ఆపరేషన్ అయితే స్నేహ పిల్లను తెనాలిలో దిగబెట్టి, వెళ్ళేముందు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఇడ్లీలో ఏదీ కలపొద్దు. లోకంలో అది నమ్మి తినేది ఇదొక్కటే."

"నాకే చెప్తున్నావేంటే వంట గురించి" అన్నాడాయన.

మూడో రోజు కలిపేశాడు. పిల్ల ఎముకలు చూసి ఆగలేక, జీడిపప్పు మెత్తగా నూరి, ఉడికించిన గుడ్డు తెల్లసొన అందులో మెదిపి, ఎవరి కంటా పడకుండా పిండిలో కలిపాడు. రంగు మారలేదు. మెత్తదనం తగ్గలేదు. పింకీ ముక్క తుంచి, నోటి దాకా తెచ్చి, ఆగింది. వాసన చూసింది. ముక్కను మళ్ళీ ఇడ్లీకి అతికించినట్టు ప్లేట్లో పెట్టేసి మంచం కిందికి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి మొదలైంది. ఆయన ఆ పిండి పారబోశాడు. పాత్రను చింతపండు వేసి తోమాడు. గుడ్డు వాసన పట్టేసిందని ఇడ్లీ గుడ్డను కూడా అవతల పారేసి, బజారుకెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి, జాడించి వేశాడు. మళ్ళీ పప్పు నానబోసి, రుబ్బి, ఎప్పట్లాగే పెట్టాడు. పింకీ ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. నీళ్ళు మాత్రం తాగుతోంది.

ఆ పొద్దున ప్లేటు మంచం కిందికి తోసి, తను కూడా నేల మీద పడుకుని బతిమాలాడు. "ఏం కలపలేదే బంగారం. అప్పటిదీ ఇదీ అంతా ఒకటే తల్లీ."

"అంతా ఒకటే తల్లీ" అంది పింకీ, ఆయన గొంతుతోనే, ఆయన విసుగుతో సహా, గోడవైపు చూస్తూ.

డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఈ రాత్రికీ తినకపోతే రేపు పొద్దున చేర్చాలి, సెలైన్ ఎక్కించాలి. సూది అంటే ఆ పిల్లకి మామూలు భయం కాదు. క్రితంసారి నలుగురు అదిమి పట్టుకుంటే, ఆ తర్వాత నెల రోజులు తల్లిని కూడా దగ్గరికి రానివ్వలేదు. స్నేహ సాయంత్రం రైలుకి వస్తానంది. తండ్రి గుడ్డు కలిపిన సంగతి ఆమెకింకా తెలియదు. చెప్పే ధైర్యం దేవసహాయానికి లేదు.

"ఏవండీ, ఈ పూట పెళ్ళి వంటకి మీ శిష్యుడు సీమోను వెళ్ళలేడా?" అంది భార్య కుసుమకుమారి.

"మాటిచ్చాను కదే" అని వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఆ మంచం ముందు నుంచి పారిపోయాడు.

పెళ్ళి రేపల్లెలో, బర్నబాస్ గారి అబ్బాయిది. చర్చి పక్కన షామియానా, వెనక పొయ్యిలు. ఆ వైపు బోరు నీళ్ళు ఉప్పన, అందుకని వంటకి ట్యాంకరు నీళ్ళే వాడాలని దేవసహాయం ముందే చెప్పి ఉంచాడు. లోపల పాటలు మొదలయ్యేసరికి బిర్యానీ దమ్ముకి వచ్చింది, పప్పుచారు తెర్లుతోంది. మేస్త్రి గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకి చూసి, మొహం చిట్లించాడు.

"సీమోనూ, ఇందులో బోరు నీళ్ళు పోశావా?"

"లేదండి మేస్త్రిగారు."

"పోశావు."

సీమోను ఇరవయ్యేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు, అబద్ధం ఎక్కువసేపు నిలబెట్టలేడు. "ట్యాంకరు లేటయిందండి. రెండే రెండు బిందెలండి. ఇంత పెద్ద డేగిశాలో రెండు బిందెలు ఎవరికి తెలుస్తాయండి?"

"నాకు తెలుస్తంది కదరా."

వడ్డన వాళ్ళు తలా ఒక చుక్క రుచి చూసి బాగుందన్నారు. బర్నబాస్ గారు కూడా వచ్చి నాలుక మీద వేసుకుని, అమృతంలా ఉంది సహాయంగారూ అన్నాడు. సీమోనుకి బలం వచ్చింది.

"మీకు భ్రమ అండి. అంతా ఒకటే."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. "నా నాలిక అబద్ధం ఆడుద్దా?" అని అరవబోయాడు. సగంలో ఆగాడు. అంతా ఒకటే తల్లీ. పొద్దున తనన్న మాట, ఆ పిల్ల నోట, గోడకేసి చూస్తూ. ఇంతమంది ఏమీ లేదంటున్నా తనకి తెలుస్తూనే ఉంది కదా, ఉప్పు గీత ఒకటి నాలుక అంచున. లేదని ఎలా ఒప్పుకుంటాడు? ఆ పిల్ల మాత్రం ఎలా ఒప్పుకుంటుంది? ఏదో ఉంది. ఆ ఇడ్లీలో ఏదో ఉంది, తనకి అందనిది.

నడుముకి కట్టిన తువ్వాలు విప్పి సీమోను భుజాన వేశాడు.

"చింతపండు పులుసు ఇంకాస్త పొయ్యి, చిన్న బెల్లం ముక్క వెయ్యి. వడ్డన నువ్వు చూస్కో."

"మీరు లేకుండానా?" అన్నాడు సీమోను బిత్తరపోయి. వడ్డన కాకుండా మేస్త్రి పొయ్యి వదలడం వాడు ఎన్నడూ చూసి ఎరగడు.

స్టేషన్‌కి వెళ్ళేసరికి తెనాలి రైలు సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని, ఎందుకో కళ్ళు మూసుకున్నాడు. ఏది వస్తే అది రానిద్దామని చూశాడు. పక్కావిడ తలలో వాడిన మల్లెలు, ఎవరి సంచిలోదో చేపల తడి, సమోసా నూనె మూడోసారి కాగినది. కిటికీ రేకు గడగడ, ఫోనులో ఎవరిదో పాట, చొక్కా కాలరు మెడ మీద గీరుకోవడం. మామూలుగా ఇవన్నీ ఉంటాయి గానీ మనసు వాటిని పక్కకి తోసేస్తుంది. తోసెయ్యకుండా పట్టి ఉంచడం ఎంత కష్టమో ఆయనకి అప్పుడు తెలిసింది. వేమూరు వచ్చేసరికి తల దిమ్మెక్కి, ఇక చాలని కళ్ళు తెరిచేశాడు. ఆ పిల్లకి చాలు అనే వీలుందా? దేవా, పొద్దున లేచింది మొదలు ఇంతా మోస్తూ, దానిలోనే ఆడుకుంటూ, దానిలోనే నవ్వుతూ ఉందా?

ఇంటికి వస్తూనే టీవీ ఆపాడు, ఫ్యాను ఆపాడు. పొద్దుటి ఇడ్లీ ఇంకా ఆ ప్లేట్లోనే ఉంది.

"పెళ్ళి వదిలేసి వచ్చారేంటండీ?" అంది కుసుమకుమారి.

"మాట్లాడకే కాసేపు."

నేల మీద కూర్చుని, ఇడ్లీని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మినప్పప్పు, రవ్వ, పులుపు, ఆవిరి. అన్నీ తెలిసినవే. ఒక్కొక్కటీ పక్కన పెడుతూ పోయాడు. ఏమీ మిగల్లేదు. మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. చెమటలు పడుతున్నాయి. మంచం కింది నుంచి పింకీ చూస్తోంది, ఆయన కళ్ళను కాదు, ముక్కును. చివరికి, అన్నిటికీ అడుగున, సన్నగా ఒకటి తగిలింది. బట్టల కొట్లో గుడ్డ తాను విప్పినప్పుడు వచ్చే వాసన. కొత్త గుడ్డకి పెట్టిన గంజి.

గుడ్డు వాసన పోగొట్టడానికి తను తెచ్చిన గుడ్డే.

దేవసహాయం ఇడ్లీని ప్లేట్లో పెట్టేశాడు. ఇంత పేరున్న ముక్కుతో, ఇల్లంతా ఊపిరి బిగబట్టిస్తే గానీ దొరకని వాసన. అది ఆ పిల్లకి ప్లేటు గుమ్మం దాటకముందే వినపడి ఉంటుంది, కేక వేసినట్టు. మొండితనం అనుకున్నాడు. ఇంట్లో అందరి మీదా మూతలుంటే, దాని ఒక్కదాని మీద మూత లేదు. కుక్కరు కూతకి అది పారిపోవడం కాదు, అంతసేపు ఆ ఇంట్లో ఉండగలగడమే గొప్ప. ఆయనకి ఆ పిల్ల పాదాలు ముట్టుకోవాలనిపించింది. ముట్టుకుంటే దానికి నచ్చదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పారేసిన పాత గుడ్డ తన అరిగిపోయిన పంచె చింపినదే. మిగతా సగం పెట్టెలో ఉంది. దాన్ని తీసి, సబ్బు తగలనివ్వకుండా ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, తడి పిండేసి, డాబా మీద ఎండలో పట్టుకుని నిలబడ్డాడు. తాడు మీద ఆరేస్తే తాడు వాసన పడుతుందని భయం. ఆరాక వాసన చూసి, మళ్ళీ ఉడకబెట్టాడు. కుసుమకుమారి ముందు తిట్టింది, తర్వాత తనూ ఒక కొస పట్టుకుంది.

స్నేహ బ్యాగుతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన ఇడ్లీ పాత్ర మూత తీస్తున్నాడు.

"గుడ్డు కలిపానే" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నువ్వు వద్దన్నా కలిపాను. అది మొండిది కాదు. నేనే మొండివాణ్ణి."

స్నేహ ఏదో అనడానికి నోరు తెరిచింది గానీ, తండ్రి ప్లేటును మంచం కిందికి తొయ్యకుండా, కాస్త దూరంలో నేల మీద పెట్టి, పక్కకి జరిగి కూర్చోవడం చూసి ఆగిపోయింది. ఆయన బతిమాలలేదు. బంగారం అనలేదు. ఊరికే కూర్చున్నాడు.

పింకీ వచ్చింది, మునివేళ్ళ మీద. ముక్క తుంచి వాసన చూసింది. మళ్ళీ చూసింది. నోట్లో పెట్టుకోలేదు. కుసుమకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పింకీ ఆ ముక్క పట్టుకుని తాతయ్య దగ్గరికి నడిచింది. ఎవరి ఒంటికీ తగలని ఆ చెయ్యి చాచి, ముక్కను ఆయన ముక్కు కింద పెట్టి, అలా నిలబడింది. తినమని కాదు. ఆ సంగతి దేవసహాయానికి ఒక్కడికే అర్థమైంది. ఈ ఇంట్లో వాసన చూడటం తెలిసిన రెండో మనిషిని ఆ పిల్ల మధ్యాహ్నమే కనిపెట్టేసింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తొందరపడలేదు. ఏ పెళ్ళి వంటనీ అంత భయంగా చూసి ఎరగడు.

"ఏం లేదు తల్లీ" అన్నాడు.

"ఏం లేదు తల్లీ" అంది పింకీ, ఈసారీ ఆయన గొంతుతోనే, ఆ వణుకుతో సహా. ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది.

మింగాక ఇంకో ముక్క తుంచి, మళ్ళీ ఆయన ముక్కు దగ్గరికి తెచ్చింది.