తిప్పని తలగడ

జడ చివర రబ్బరు బ్యాండు చుడుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా పడే చప్పుడు. ఎడమ మోకాలిని బతిమాలుకుంటూ ఎక్కే నడక అది. చిన్న కొత్తమ్మ కంగారుగా మంచం వైపు తిరిగింది. దుప్పటి ఇంకా మడతపెట్టలేదు. మామూలుగా ఈపాటికి ఆమె దుప్పటి మడిచి సంచిలో కుక్కి, ముఖం కడుక్కుని, తలుపు దగ్గర నిలబడి ఉండేది. ఇవాళ ఆలస్యమైంది. కారణం తలుచుకుంటే సిగ్గూ సంతోషమూ రెండూ వచ్చాయి. ఆమె నిద్రపోయింది.

ఆ గదిలో ఇద్దరు మనుషులు, ఒకే మంచం. పగలు పనిచేసే మనిషి రాత్రి పడుకుంటుంది, రాత్రి పనిచేసే మనిషి పగలు. గోడకి రెండు మేకులు, మేకులకి రెండు సంచులు. దుప్పట్లు ఎవరివి వాళ్ళవి. తలగడ మాత్రం ఒక్కటే, గదితో పాటే వచ్చింది. ఆ వీధిలో సగం గదులు ఇలాగే నడుస్తాయి కాబట్టి మంచం పంచుకోవడంలో వింతేమీ లేదు. వింతల్లా ఈ గదిలో తలగడకున్న కట్టుబాటు. వచ్చిన మొదటిరోజే కొత్తమ్మ చెప్పేసింది.

"లేవగానే తలగడ తిరగెయ్యి తల్లీ. నీ కలలు నాకెందుకు, నా కలలు నీకెందుకు. ఎవరి గోల వాళ్ళది."

కొత్తమ్మ అని పేరే గాని, ఆ సీసాల ఫ్యాక్టరీలో ఆవిడంత పాతమనిషి మరొకరు లేరు. ఎప్పుడో వయసులో ఉండగా చేరిన రోజున ఎవరో "కొత్తమ్మా, ఇలా రా" అని పిలిచారు. పిలిచినవాళ్ళు వెళ్ళిపోయారు, పిలుపు ఉండిపోయింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఆవిడ మాత్రం జుట్టు నెరిసి, మోకాళ్ళు అరిగినా కొత్తగానే చెలామణీ అయిపోయింది. ఆ పేరు ఖాళీ లేక, నిన్నగాక మొన్న చేరిన ఈమెకి చిన్న కొత్తమ్మ అని సర్దిపెట్టారు.

కొత్తమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి, ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నిద్రపట్టినట్టుందే."

"పట్టింది పెద్దమ్మా. కుంభకర్ణుడి చెల్లెలిలా పడుకున్నాను. నిన్న మీరు తలగడ తిప్పడం మర్చిపోయారు."

"మర్చిపోలేదులే." ఆవిడ మంచం అంచున కూర్చుని మోకాలు రుద్దుకుంది. "నాకు నిద్ర బోలెడుంది. ఎక్కడ పడేస్తే అక్కడ వస్తుంది. నీ కళ్ళు చూస్తే జాలేసింది. ఒక్కపూటకి నాది వాడుకుంటుందిలే అని అలాగే వదిలేశాను."

"నిద్రతో పాటు మీ కల కూడా వచ్చింది."

రుద్దుతున్న చెయ్యి ఆగింది. "ఏం వచ్చింది?"

"ఒక పెరడు. అప్పుడే కడిగినట్టున్నారు, నేలంతా తడి. తీగ మీద తెల్లబట్టలు ఆరేసి ఉన్నాయి. లోపల్నుంచి ఎవరో పిలుస్తున్నారు, చల్లారిపోతోంది, తిందువు రా అని. అది మా ఇల్లు కాదు."

"లోపలికెళ్ళావా?"

"లేదు. బట్టలు తప్పించుకుని నడుస్తుంటే మెలకువొచ్చేసింది."

"నేనూ ఎప్పుడూ వెళ్ళలేదు" అంది కొత్తమ్మ నెమ్మదిగా. "ఎన్నేళ్ళబట్టో పిలుస్తూనే ఉంటుంది మహాతల్లి. లేచి వెళ్దామనుకునేసరికి పొద్దుగుంకిపోతుంది. షిఫ్టుకి టైమైపోతుంది."

"ఎవరా పిలిచేది?"

"ఏమో. గొంతు గుర్తుపట్టలేను. పిలిచే మనిషంటూ ఒకరున్నారు కదా, చాలు." ఆవిడ ఆవులించింది. "ఇక పో. ఇవాళ తుమ్ముల సారు నీ కోసమే కాచుకుని ఉంటాడు. సీసాల్ని చూడకు, వెలుగుని చూడు."

చిన్న కొత్తమ్మ సగం మెట్లు దిగాక గుర్తొచ్చింది. మాటల్లో పడి తలగడ తిప్పనే లేదు. వెనక్కి తిరిగింది. అంతలో ఫ్యాక్టరీ కూత వినబడింది. పైన మంచం కిర్రుమంది, ఆవిడ పడుకున్నట్టుంది. ఇక చేసేదేముంది. నా కలలేవో ఈ పూట ఆవిడే పడుతుందిలే అనుకుని, నవ్వుకుంటూ వీధిలోకి దిగింది.

ఊరుకాని ఊరు వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి కంటి మీద కునుకు లేదు. నిద్ర సుఖమెరగదని అన్నవాళ్ళు ఆమె నిద్రని చూసి ఉండరు. అన్నయ్య ఇంట్లో, వంటగదికీ తలుపుకీ మధ్య జానెడు చోటులో, కూతుర్ని పక్కలో వేసుకుని పడుకుంటే పిడుగు పడినా లేచేది కాదు. ఇక్కడ పరుపుంది, కిటికీ ఉంది, తలుపుకి గడియ ఉంది. కాళ్ళు చాపితే అడ్డం తగిలేవాళ్ళు లేరు. అదే వచ్చిన చిక్కు. పక్కన చిన్న వేడి ఒకటి లేకపోతే ఆమె ఒంటికి రాత్రయిందని తెలియడం లేదు.

నిద్ర లేని కళ్ళు తీసుకుని సీసాల ముందు కూర్చుంటే ఏమవుతుంది? అయ్యేదే అయింది. ఆమె పని ఖాళీ సీసాలు చూడటం. వెనకాల తెల్లని లైటు వెలిగే పెద్ద పలక. దాని ముందు బెల్టు. బెల్టు మీద వరసగా సీసాలు, ఒకదాని భుజం ఒకదానికి తగిలీ తగలక, గలగలమంటూ వెళ్తుంటాయి. బీటలున్నవీ, బుడగలున్నవీ, మెడ వంకర పోయినవీ చటుక్కున తీసి డబ్బాలో పడెయ్యాలి. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చోవాలి. మధ్య మధ్య సూపర్‌వైజరు, అడుగున ఎర్రచుక్క పెట్టిన పగుళ్ళ సీసాని ఎవరికీ తెలియకుండా వరసలో కలుపుతాడు. దాన్ని పట్టుకోలేకపోతే ఆ కళ్ళు పనికిరానట్టు లెక్క. దుమ్ము పడక అస్తమానం తుమ్ముతూ ఉంటాడు కాబట్టి ఆయన్ని అందరూ తుమ్ముల సారు అంటారు. తుమ్ము ముందు, సారు వెనక. మనిషి దుర్మార్గుడేమీ కాదు. నిన్న ఆమె వదిలేసిన ఎర్రచుక్క సీసాని తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఇంకొక్కటి జారిపోతే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నాడు. ఆ "అమ్మా" వల్ల ఆమెకి మరీ ఏడుపొచ్చింది.

పని ఖాయమైతే కూతుర్ని తెచ్చుకోవచ్చు. పక్కవీధిలో చిన్న గది కూడా చూసి పెట్టుకుంది. కాకపోతే తిరిగి అన్నయ్య ఇంటికే. వదిన గయ్యాళి కాదు. "వచ్చేశావా" అని ఒక్కమాట, అదీ మెత్తగా అంటుంది. ఆ మెత్తదనమే ఆమెకి భయం.

లైటు ముందు స్టూలు మీద కూర్చుంది. గాజు కాలిన వాసన, పలక వెచ్చదనం. మొదట్లో ఎప్పుడూ సీసాలు సీసాల్లాగే ఉంటాయి. కాసేపటికి అవి ఆగిపోయి తానే స్టూలుతో సహా పక్కకి జరిగిపోతున్నట్టు ఉంటుంది, రైల్లో కూర్చున్నట్టు. ఇన్నాళ్ళూ ఆ ఊగులాటకే ఆమె బెదిరిపోయి, సీసాల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చూడబోయేది. చూసేకొద్దీ అన్నీ ఒకేలా కనబడేవి. ఇవాళ కళ్ళు చల్లగా ఉన్నాయి. కొత్తమ్మ చెప్పినట్టు సీసాల్ని వదిలేసి వెలుగు వైపే చూస్తూ కూర్చుంది. తెల్లటి వెలుగు, అందులోంచి సాగిపోయే పల్చని నీడలు. తీగ మీద తడిబట్టలు గాలికి కదిలినట్టే ఉంది. ఉన్నట్టుండి ఒకచోట నలకలా గుచ్చుకుంది. చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ సీసాని లాగింది. నిజంగానే మెడ కింద వెంట్రుకంత బీట.

ఆమె చూస్తూనే ఉంది. మనసు మాత్రం గదికి వెళ్ళింది. ఈపాటికి పెద్దమ్మ గాఢనిద్రలో ఉండి ఉంటుంది. నేను పడుకున్న వైపే పడుకుని ఏం చూస్తోందో. అన్నయ్య ఇల్లా, వదిన గిన్నెల చప్పుడా? పాపం, ఒక్క వానాకాలం ఉండి వెళ్దామని వచ్చిందట ఆవిడ. మొగుడు చెప్పకుండా వెళ్ళిపోయాడు. పిల్లల్లేరు. తమ్ముడి ఇంటి పైకప్పు పూర్తయ్యేదాకా అనుకుంది. పైకప్పు పూర్తయింది, తమ్ముడికి పిల్లలు పుట్టారు, ఇంట్లో చోటు చాలలేదు. రాత్రి షిఫ్టు ఎవరూ తీసుకోరు గనక ఆవిడ తీసుకుంది. ఆ మంచం రెండో సగంలో ఎందరో ఆడవాళ్ళు పడుకుని లేచారు. కుదురుకోగానే ఒక్కొక్కరూ సొంత గదులు చూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆవిడే సంచి పట్టుకుని మెట్ల కిందదాకా దిగబెట్టేది. మళ్ళీ కొత్తమనిషి రాగానే తలగడ సంగతి మొదట్నుంచీ చెప్పుకొచ్చేది.

భోజనం వేళ, బడి నుంచి అన్నానికొచ్చిన కూతురు ఫోనులోకి వచ్చింది. వస్తూనే ఫిర్యాదు.

"అమ్మా, అత్త జడ వదులుగా వేస్తోంది. బళ్ళో ఊడిపోతోంది."

"నువ్వు కోతిలా గెంతుతుంటే ఊడదా? కదలకే పిచ్చిపిట్టా, పాపిట వంకరపోతుంది అని ఎన్నిసార్లు చెప్పాను? కుదురుగా కూర్చుంటే ఎవరేసినా బాగానే ఉంటుంది."

"నువ్వేస్తేనే బాగుంటుంది. ఎప్పుడొస్తావు?"

"నేను రాను. నువ్వే వస్తావు." అనేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళూ చూద్దాం అనేది.

మధ్యాహ్నం దాటాక తుమ్ము వినబడింది. ఆమె వెన్ను నిటారుగా చేసుకుంది. సారు ఎప్పుడు కలిపాడో, ఎక్కడ కలిపాడో. సీసాలు వస్తున్నాయి, పోతున్నాయి. వెలుగుని చూడు, వెలుగుని చూడు. పలక మీద తడినేల మెరిసింది, ఎవరో పిలిచినట్టయింది. అప్పుడు గుచ్చుకుంది. లాగి, తలకిందులు చేసి చూసింది. అడుగున ఎర్రచుక్క. ఇంకాసేపటికి ఇంకోటి. అదీ దొరికింది. కూత వెయ్యబోయే ముందు సారు ముక్కు తుడుచుకుంటూ వచ్చి, డబ్బాలోకి తొంగిచూసి, ఏదో చెప్పబోయి తుమ్మి, "రేపు పెందలాడే రా. కాగితాల మీద సంతకం పెడుదువుగాని" అన్నాడు.

ఆమె ఇంటిదారి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. ఈ మాట మొదట కొత్తమ్మకే చెప్పాలి. మీ నిద్ర తీర్చలేని బాకీ పెద్దమ్మా అనాలి. తలగడ తిప్పలేదని ఒప్పుకుని, నా కల ఎలా ఉందని అడగాలి. ఆవిడ షిఫ్టుకి బయల్దేరకముందే అందుకోవాలని గబగబా మెట్లెక్కింది.

తలుపు బార్లా తీసి ఉంది. గది కడిగారు. నేలంతా తడి. కిటికీ బయట తీగ మీద కొత్తమ్మ తెల్లదుప్పటి ఆరేసి ఉంది. గుమ్మంలో, కింద వాటాలో ఉండే ఇంటావిడ నిలబడి ఉంది, చేతిలో తడిగుడ్డతో.

"వచ్చావా అమ్మాయ్" అంది ఇంటావిడ. ఆ గొంతులో మెత్తదనం విని చిన్న కొత్తమ్మ అక్కడే ఆగిపోయింది.

"నిద్రలోనే పోయింది. నీళ్ళొచ్చాయి పట్టుకోమని చెబుదామని తలుపు తట్టాను, పలకలేదు. డాక్టరు వచ్చి చూశాడు. తమ్ముడి కొడుకు వచ్చి తీసుకెళ్ళిపోయాడు. నీకు కబురు పెడదామనుకున్నాను. అసలే నీ పని అటో ఇటో అని ఉందని తనే చెప్పింది, అందుకని పెట్టలేదు."

చిన్న కొత్తమ్మ గోడకి చేరబడింది. రెండు మేకుల్లో ఒకటి ఖాళీగా ఉంది.

"బాధేమీ పడినట్టు లేదు" అంది ఇంటావిడ. "పొద్దున నేను మెట్లు తుడుస్తుంటే నిద్రలో మాట్లాడుతోంది కూడాను. నాకు నవ్వొచ్చింది. పిల్లాజెల్లా లేని మనిషి కదా, ఎవరితోనో గాని, కదలకే పిచ్చిపిట్టా, పాపిట వంకరపోతుంది అంటోంది."

తనకి కూతురుందని చిన్న కొత్తమ్మ పెద్దమ్మకి చెప్పింది గాని, ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. చెప్పడానికి ఆ గదిలో ఇద్దరూ కలిసి మెలకువగా ఉన్నదెప్పుడు? గుమ్మం దగ్గర రెండు మాటలు, అంతే. ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. ఈ ఊళ్ళో ఆమె ఏడవడం అదే మొదలు. ఇన్నాళ్ళూ తన కోసం ఏడుపు ఆపుకుంది. పరాయి మనిషి కోసం ఆపుకోలేకపోయింది. ఇంటావిడ కాసేపు వీపు నిమిరి, తడిగుడ్డ పిండుకుంది.

"మంచం రెండో సగానికి రేపో ఎల్లుండో ఎవరైనా వస్తారు. భయమైతే ఇవాళ్టికి కిందికొచ్చి పడుకో."

"భయం లేదండీ."

"సరే అయితే. తలుపేసుకో కొత్తమ్మా."

ఆవిడ మెట్లు దిగిపోయింది. ఒక మాట తగ్గించి పిలిచానని ఆవిడ గమనించలేదు. కొత్తమ్మ గమనించింది. తలుపు గడియ పెట్టి, తడినేల మీద జాగ్రత్తగా నడిచి, మంచం దగ్గరికి వెళ్ళింది. ఎవరో వస్తారు. వచ్చిన మనిషికి మొదటిరోజే చెప్పాలి, లేవగానే తలగడ తిరగెయ్యమని. రేపట్నుంచి చెప్పాలి. ఇవాళ కాదు.

దుప్పటి తీశారు, సంచి తీశారు, నేల కడిగారు. కిటికీలోంచి పడుతున్న ఆఖరి ఎండలో, నడుమ చిన్న గుంటతో, ఎవరూ తిప్పని తలగడ ఒక్కటే మంచం మీద ఉంది.