కాన్పు గదిలోకి ఒక్కరే

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు ఆమె మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లు లేచింది. కూర్చుంటే ఊపిరాడదు, నిలబడితే నడుం లాగేస్తుంది, పడుకుందామంటే గుండెల్లో మంట. ఎనిమిది దాటి తొమ్మిదో నెల. పొట్ట బల్లకి అడ్డం వస్తోందని పక్కవాటుగా నిలబడి, భర్త చొక్కా చేతుల్ని ఒక్కొక్కటే రుద్దుతోంది.

"ఏమన్నావ్, డౌలానా?" అన్నాడు భర్త, సోఫాలో కూతురి షూలకి లేసులు ఎక్కిస్తూ. "అంటే ఏంటి, కాన్పయ్యేదాకా పక్కన నిలబడి డోలు వాయిస్తుందా?"

తన మాటకి తనే నవ్వుకున్నాడు. నాలుగేళ్ళ కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, అర్థం కాకపోయినా వాళ్ళ నాన్నకి తోడుగా గట్టిగా నవ్వింది. ఆమె చొక్కా తిరగేసింది.

"డోలు కాదు. నొప్పులు మొదలైనప్పట్నించీ తల్లి పక్కనే ఉంటుంది. డాక్టరు కాదు, నర్సూ కాదు. మన పక్కన మన కోసం ఉండే మనిషి."

"మరి నేనెందుకున్నాను?"

చిక్కంతా అక్కడే ఉంది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం వేలాడుతోంది. సోమవారం పరీక్షకి వెళ్ళేటప్పుడు నింపి ఇవ్వాలి. రక్తం గ్రూపు, మందులు పడకపోవడాలు, పాత కాన్పు వివరాలు అన్నీ అయ్యాక చివర్లో ఒక గడి: కాన్పు గదిలో తోడు ఉండేవారి పేరు, ఒక్కరు మాత్రమే. కౌంటర్ దగ్గరే అతను జేబులోంచి పెన్ను తీశాడు తన పేరు రాయడానికి. "ఇంటికెళ్ళి నింపుదాంలే" అంది ఆమె. ఇంటికెళ్ళి నింపేంత కష్టమైన ప్రశ్న అందులో ఏముందో తెలియక అతను పెన్ను మూత పెట్టి మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

అతను చెడ్డవాడు కాదు. ఈ మాట ఆమె రోజుకి పదిసార్లు తనకి తాను చెప్పుకుంటుంది. మంచివాడి గురించి అన్నిసార్లు చెప్పుకోవాల్సిన అవసరమేమిటన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రతి స్కానింగుకీ వచ్చాడు. ఆదివారాలు టీ పెడతాడు, పెట్టిన సంగతి సాయంత్రానికి మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ తెలిసిపోతుంది. పిడుగు పుట్టినప్పుడు కాన్పు గదిలోకి వచ్చి, కళ్ళు తిరక్కుండా, చివరిదాకా నిలబడ్డాడు. "ఎంతమంది మగవాళ్ళు ఉంటారమ్మా అలా? మీ మామగారైతే మూడోరోజుకి వచ్చి, ఆడపిల్లా మగపిల్లాడా అని గుమ్మంలోంచే అడిగి వెళ్ళిపోయారు" అని అత్తగారు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అలాంటి మనిషిని ఈసారి బయట కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియని మనిషిని లోపలికి తీసుకెళ్ళడమా? తలుచుకుంటేనే ఆమెకి తను ఏదో దొంగతనం చేస్తున్నట్టు ఉంటుంది. తలుచుకోవడం మానేద్దామంటే కాగితం ఫ్రిజ్ మీదే ఉంది, మంచినీళ్ళు కావాల్సినప్పుడల్లా ఫ్రిజ్ తెరవాలి.

పిడుగు పుట్టిన కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. చెప్పేది అతనే. నలుగురు చేరితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు, అతను గొంతు సవరించుకుంటాడు. "మాకు పద్నాలుగు గంటలు నొప్పులు" అని మొదలుపెడతాడు. మాకు! ఆమె ప్లేట్లు తీస్తూ ఆ మాట వింటుంది. "చివర్లో చూడాలి ఈవిణ్ణి. ఆగండి, ఆగండి అని చెయ్యి అడ్డం పెడుతోంది, అచ్చం నాలుగురోడ్ల దగ్గర ట్రాఫిక్ పోలీసులా! లోపల బిడ్డేమో హారన్ కొడుతోంది!" ఇక్కడ అందరూ పగలబడి నవ్వుతారు. నవ్వు తగ్గాక గొంతు తగ్గిస్తాడు. "కానీ నేను మాత్రం కాలు వదల్లేదండీ. గంటసేపు ఈవిడ కాలు అలా పట్టుకునే నిలబడ్డాను. నా చేతులు మొద్దుబారిపోయాయి." ఇక్కడ ఆడవాళ్ళంతా ఆమె వైపు తిరుగుతారు. "పెట్టిపుట్టావమ్మా" అంటారు. ఆమె నవ్వుతుంది. ఎందుకు నవ్విందని అడిగితే చెప్పడం ఆమె వల్ల కాదు. ఇంట్లో ఆమె "ఆగండి" అంటే ఇప్పటికీ ఎవరో ఒకరు విజిల్ ఊదినట్టు నోటితో చప్పుడు చేస్తారు. ఆమె ఆ మాట వాడటం మానేసి చాలా కాలమైంది. "ఒక్క నిమిషం" అంటుంది, "ఉండండి" అంటుంది.

ఆమె ఉద్యోగం కూడా వినడమే. డాక్టర్లు రోగి గురించి గబగబా చెప్పి రికార్డు చేసి పంపుతారు, ఆమె ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విని టైపు చేస్తుంది. బల్ల కింద కాలి దగ్గర ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు, మడమతో నొక్కితే వెనక్కి వెళ్ళి అన్న మాటే మళ్ళీ అంటాడు. ఎంత పెద్ద డాక్టరైనా సరే. కొత్తగా చేరినప్పుడు ఆ సంగతి ఆమెకి సరదాగా ఉండేది. సూపర్‌వైజరు కొత్తవాళ్ళకి మొదటిరోజు ఒకటే నేర్పుతాడు: "వినపడకపోతే ఖాళీ వదిలెయ్యండి. ఊహించి నింపొద్దు. మీరు ఊహించింది రోగి ఒంట్లోకి వెళ్తుంది." ఈ ఒక్క విషయంలో అతను మంచివాడే. పోయిన నెల టీమ్ లీడరు కుర్చీ ఖాళీ అయినప్పుడు, ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆమెని పిలిచి, "మీరెలాగూ సెలవు మీద వెళ్తున్నారు కదండీ" అని, ఆమె పని నేర్పిన కుర్రవాడికే ఆ కుర్చీ ఇచ్చాడు. ఆమె మొహం చూసి ఓదార్పుగా ఇంకో మాట కూడా అన్నాడు. "రెండోది కదా, మీకు అలవాటైన పనే!"

ఆ చెవులతో ఎన్ని కాన్పులు విందో. వాటిలో ఒక వాక్యం తరచుగా వస్తుంది. పేషెంట్ సహకరించలేదు. మొదట్లో వేళ్ళు ఆ వాక్యాన్ని చూసుకోకుండానే కొట్టేసేవి. పిడుగు పుట్టి ఇంటికొచ్చిన వారానికి, టీకాల తేదీ కోసం ఆసుపత్రి కాగితాలు వెతుకుతుంటే తన డిశ్చార్జి రిపోర్టులో నాలుగో పేరాలో అదే వాక్యం కనిపించింది. ఎక్కడో కూర్చుని ఆమెలాంటి అమ్మాయే ఎవరో విని కొట్టి ఉంటుంది. ఒక్క అక్షరం తప్పు లేదు. అప్పటినుంచీ ఆ వాక్యం చెవిలో పడగానే ఆమె కాలు పెడల్ మీదనుంచి దానంతటదే లేస్తుంది. డాక్టరు ఆగిపోతాడు. ఆ నిశ్శబ్దంలో కాసేపు కూర్చుని, తర్వాత టైపు చేస్తుంది. చెయ్యక ఏం చేస్తుంది? వినపడింది కదా.

డౌలా ఫోన్ నంబరు ఇచ్చింది పక్క సీటులో పనిచేసే అమ్మాయి. ఆమె ఆ నంబరుని పదకొండు రోజులు ఫోన్లో అలాగే ఉంచుకుంది. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద నిలబడి ఫోన్ చేసింది. "ఆదివారం వస్తాను, ఇంట్లో వాళ్ళనీ ఉండమనండి" అంది అవతలి గొంతు.

ఆదివారం పొద్దున్నే పెద్ద చప్పుడైంది. వచ్చి చూస్తే అత్తగారు అటకమీది పాత ఉయ్యాలని హాల్లోకి దింపించి, తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఇదెందుకు అత్తయ్యా ఇప్పుడు?"

"డోల కోసం ఎవరో వస్తున్నారని వాడు చెప్పాడు కదా! డోల అంటే ఉయ్యాలేగా. కొత్తది కొనడమెందుకు, నా కొడుకు ఊగిందే ఉంది ఇంట్లో. వచ్చినావిడకి చూపించి పంపించేద్దాం."

భర్త తలుపుకి జారగిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, పొట్ట కదిలి లోపలి బిడ్డ తన్నింది.

డౌలా పదకొండింటికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కాన్వాసు బూట్లు, భుజాన సంచి, బస్సు అందుకున్న ఆయాసం. ఇచ్చిన బిస్కెట్లన్నీ మొహమాటం లేకుండా తినేసింది. ఉయ్యాల కథ విని ఆవిడా నవ్వింది.

"బాగుందండీ ఉయ్యాల. కానీ అది బిడ్డకి. నేను తల్లికి" అంది అత్తగారితో.

"అయితే నువ్వేం చేస్తావమ్మా? నొప్పులు తగ్గిస్తావా?" అంది అత్తగారు.

"నా వల్ల కాదండీ. మందులివ్వను, పరీక్ష చెయ్యను. నడుం పడతాను, నీళ్ళు తాగిస్తాను. ఆ నొప్పుల్లో మనం అన్న మాట ఒక్కోసారి ఎవరికీ వినపడదు. ఆవిడ ఒకసారి అన్నదాన్ని రెండోసారి నేనంటాను. ముఖ్యంగా నా పని అదే."

"దానికి మనిషెందుకండీ, నేనుంటాగా" అన్నాడు భర్త నవ్వుతూనే. "డబ్బు గురించి కాదు. మొదటిసారి ఉన్నాను, రెండోసారీ ఉంటాను."

"ఉండండి, మంచిదే. భర్త పక్కనుంటేనే ధైర్యంగా ఉండేవాళ్ళు ఎంతోమంది. అందరికీ నేనే కావాలని నేను చెప్పను" అంది డౌలా. తర్వాత ఆమె వైపు తిరిగింది. "పోయినసారి ఎలా జరిగిందమ్మా?"

"మాకు పద్నాలుగు గంటలు నొప్పులండీ" అని అందుకున్నాడు భర్త.

అలవాటైన కథ, అలవాటైన చోట్ల అలవాటైన నవ్వులు. ట్రాఫిక్ పోలీసు దగ్గర పిడుగు నోటితో విజిల్ ఊదింది. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, నవ్వీ నవ్వీ. డౌలా నవ్వలేదు, కోపంగానూ లేదు. అతను పూర్తిచేసేదాకా ఓపిగ్గా విని, బిస్కెట్ పొడి చేతుల్లోంచి దులుపుకుని, ఆమెని అడిగింది.

"ఎందుకు ఆగమన్నారు?"

నాలుగేళ్ళలో ఆ కథ కనీసం వందమంది విని ఉంటారు. ఒక్కరు అడగలేదు ఆ ప్రశ్న. చెప్పాల్సింది ఇంత చిన్నదని ఆమెకే అప్పుడు తెలిసింది, అంత చిన్నదాన్ని ఇన్నాళ్ళు దాచుకోవడం సిగ్గుగానూ అనిపించింది.

"కాలు పట్టేసింది" అంది. "కుడికాలు. పిక్క దగ్గర రాయిలా అయిపోయింది. అటు పక్కకి తిరగాలనుకున్నాను. ఒక్క నిమిషం ఆగితే తిరిగేదాన్ని. అందుకని ఆగమన్నాను. అంతే."

అత్తగారి చేతిలో కొంగు అలాగే ఉంది.

"ఆ మాట చెప్పొచ్చు కదా నాకు?" అన్నాడు భర్త. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కాలు పట్టేసిందంటే నేను చెప్పేవాణ్ణి కదా డాక్టరుగారికి."

"నీకే చెప్పాను."

"నాకా?"

"కాలు వదులు, పట్టేసింది అన్నాను. మూడుసార్లు అన్నాను. నువ్వు నా చెవి దగ్గరికి వంగి, ప్లీజ్, డాక్టరుగారు చెప్పినట్టు విను, కొంచెం సహకరించు అన్నావు. కాలు ఇంకా గట్టిగా పట్టుకున్నావు."

అంతసేపూ ఆమె గొంతు పెరగలేదు. అది విని తనకే వింతగా ఉంది. ఇన్నాళ్ళూ ఈ మాట బయటపడితే ఇల్లు కూలిపోతుందనుకుంది. తను ఏడుస్తుందనీ, అతను అరుస్తాడనీ అనుకుంది. ఇల్లు ఉన్నచోటే ఉంది, ఫ్యాను తిరుగుతోంది. అతను తన రెండు చేతుల్నీ ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. ఆ మొహం చూస్తే ఆమెకి జాలేసింది. జాలి వెనకే, అలవాటుగా, ఏదో ఒకటి అనేసి అతన్ని తేలికపరచాలన్న తొందర కూడా వచ్చింది. పర్లేదులే, నీకేం తెలుసు, నువ్వూ భయపడ్డావు కదా. మాటలు నాలుక మీదే ఉన్నాయి. ఇంట్లో ఎవరికి నొచ్చినా మందు రాసేది తనే, తనకి నొచ్చినా మందు రాయాల్సింది అవతలివాళ్ళకే. ఆమె ఆ మాటల్ని బలవంతంగా మింగేసి ఊరుకుంది. ఊరుకోవడం ఇంత కష్టమని అప్పటిదాకా తెలియదు.

"డాక్టరుగారు పట్టుకోమన్నారు. అందుకే పట్టుకున్నాను" అన్నాడు అతను చివరికి.

"తెలుసు."

అత్తగారు మెల్లగా లేచింది. కొడుకు పక్కకి వెళ్తుందనుకుంది ఆమె. వెళ్ళలేదు, కోడలి పక్కకీ రాలేదు. పిడుగు చెయ్యి పట్టుకుని, "రా, వీధి చివరిదాకా వెళ్ళొద్దాం" అంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, ఎవరితోనూ కానట్టు, "నా కాన్పులో నన్ను పట్టుకున్నవాళ్ళు నలుగురు" అని, బయటికి వెళ్ళిపోయింది.

డౌలా సంచి భుజానికి తగిలించుకుంది. "తొందరేం లేదమ్మా, ఆలోచించుకుని చెప్పండి. నేను కాకపోయినా పర్లేదు" అని ఆవిడ కూడా వెళ్ళింది.

ఇద్దరే మిగిలారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కాగితం తీసుకొచ్చి, భోజనాల బల్ల మీద పెట్టుకుని, పొట్ట బల్లకి తగలకుండా కుర్చీ సర్దుకుని కూర్చుంది. ఒకసారి లేచింది, మళ్ళీ కూర్చుంది. పాత కాన్పు వివరాలు అన్న గడిలో మొదటిసారి తన మాటల్లో రెండు వాక్యాలు రాసింది. అతను ఎదురుగా వచ్చి నిలబడి, తలకిందులుగా ఉన్న ఆమె అక్షరాల్ని చదవడానికి ప్రయత్నిస్తున్నాడు. పెన్ను చివరి గడి దగ్గరికి వచ్చి, అందులో డౌలా పేరు మొదటి అక్షరం రాసేసరికి అతను బల్ల మీదికి వంగాడు.

"నిజంగానా? మొదటిసారి పక్కనే ఉన్నాను కదా నేను!"

ఆమె పేరు పూర్తిగా రాసి, తలెత్తి అతన్ని చూసింది.

"ఉన్నావు" అంది. "అందుకే ఈసారి వద్దు."