హోటల్ వాళ్ళిచ్చిన అరగంట

పొద్దున్నే హోటల్ గదిలో ఫోన్ మోగింది. తీస్తే ఉడుత మాట్లాడింది. పార్కులో తిరిగే బొమ్మ ఉడుత గొంతు అది. గుడ్ మార్నింగ్ ఫ్రెండ్, నీ కోసమే ఎదురుచూస్తున్నానని ఒకటే హుషారు. ఆ హోటల్లో దిగినవాళ్ళని ఉడుత చేత ఉచితంగా నిద్ర లేపిస్తారట. ఫోన్ నా వైపు బల్ల మీద ఉంది కాబట్టి ఆ ఉచితం నా ఒక్కదానికే దక్కింది. రఘు అటు తిరిగి పడుకున్నాడు. పక్క మంచం మీద అత్తయ్యగారు, పెద్దది అవని, ఇద్దరి మధ్యా అడ్డంగా చిన్నది అనిక. ఎవరూ కదల్లేదు. నేను ఉడుతకి థాంక్యూ చెప్పి పెట్టేశాను. రికార్డు చేసిన గొంతుకి కూడా థాంక్యూ చెప్పే రకం మనిషిని, ఏం చేస్తాం.

పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి న్యూజెర్సీ నుంచి ఓర్లాండో వచ్చాం. పార్కు బయట హోటల్ అయితే చాలా చవగ్గా వస్తుంది కదా అని బుక్ చేసేటప్పుడే అడిగాను. "బయట దిగితే పెర్క్స్ రావు వసూ. ఇక్కడైతే అన్నీ ఫ్రీ. ఫ్రీగా వచ్చేదాన్ని ఎవరైనా వదులుకుంటారా?" అన్నాడు రఘు. పార్కుకి బస్సు ఫ్రీ. కొన్న బొమ్మలు గదికి చేర్చడం ఫ్రీ. ఒకసారి మగ్గు కొనుక్కుంటే ఎన్నిసార్లు నింపుకున్నా కూల్‌డ్రింక్ ఫ్రీ. అన్నిటికంటే గొప్పది, మిగతా జనం కంటే అరగంట ముందు పార్కులోకి వదలడం. మేముండే ఐసెలిన్‌లో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ట్రిప్పుల గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా రఘునే అడుగుతారు. వేసవిలో వెళ్దామనుకుంటున్న త్రివేణి వాళ్ళు అప్పటికే అడిగారు, ఆ పెర్క్స్ నిజంగా వర్తేనా అని. వెళ్ళొచ్చి చెప్తానన్నాడు రఘు, పెద్ద బాధ్యత నెత్తినేసుకున్నట్టు.

ఆ అరగంట కోసం నేను లేచింది మాత్రం ఇంకా చీకటి ఉండగానే. గదిలో వంట చేస్తే పొగ అలారం మోగుతుందని బాత్రూంలో ఫ్యాన్ వేసి, సింకు పక్కన రైస్ కుక్కర్ పెట్టి ఉప్మా చేశాను. హోటల్ కేకుల్లో గుడ్డు ఉంటుందని అత్తయ్యగారు ముట్టరు. మధ్యాహ్నానికి డబ్బాలో పులిహోర. ఆవిడ మాత్రలు, అవనికి రెండు జడలు, అనికకి సన్‌స్క్రీన్, ఆ సన్‌స్క్రీన్ కంట్లో పడిందని ఏడుపు, స్ట్రోలర్, రాత్రి కడిగి బోర్లించిన ఫ్రీ మగ్గులు. ఫ్రీ బస్సెక్కాలంటే స్ట్రోలర్ మడవాలి, మడవాలంటే అనికని చంకనెత్తుకోవాలి, ఎత్తుకుంటే బ్యాగు భుజం మీంచి జారుతుంది. పార్కు గేటు దగ్గర దిగాక రఘు వాచీ చూసుకుని మురిసిపోయాడు. "చూశావా, ఎంత ఈజీగా వచ్చేశామో!" వచ్చేశాం నిజమే. అతను లేచి స్నానం చేసి బూట్లు వేసుకున్నాడంతే, ఈజీగానే ఉంటుంది మరి.

అందరూ పరిగెత్తేది డ్రాగన్ కొండ అనే రోలర్ కోస్టర్ దగ్గరికి. మేమూ పరిగెత్తాం. అనిక ఎత్తు చాలదు కాబట్టి దాన్ని ఎక్కనివ్వరు. అలాంటి చిన్నపిల్లలున్న ఇళ్ళకి అక్కడ ఇంకో ఉచితం ఉంది. తల్లీ తండ్రీ ఒకరి తర్వాత ఒకరు ఎక్కొచ్చు. మొదటివాళ్ళు దిగేదాకా రెండోవాళ్ళు పిల్లని పట్టుకుని పక్కన ఆగితే చాలు, మళ్ళీ లైన్లో నిలబడకుండా పంపేస్తారు. రఘు, అవని ఎక్కారు. నేను అనికని చంకలో వేసుకుని పైకి చూస్తూ నిలబడ్డాను. బండి టకటకమని కొండ పైకి వెళ్ళి, అంచున ఒక్క క్షణం ఆగి, ఒక్కసారిగా కిందికి పడింది. నా కడుపులో కూడా ఏదో జారింది. ఎన్నాళ్ళయిందో ఆ జారడం.

వాళ్ళు దిగొచ్చారు. గేటు దగ్గర పనిచేసే అమ్మాయి నా వంక చూసి నవ్వి, ఇప్పుడు మీ టర్న్ అంది. నేను అనికని దింపుతున్నాను. ఈలోపు రఘు, "నో నో, షి ఈజ్ స్కేర్డ్" అని చెప్పి, అవని చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి అయ్యో పాపం అన్నట్టు చూసింది. నేను నవ్వాను. అలా నవ్వడం పన్నెండేళ్ళ అలవాటు.

అసలు సంగతి చెప్పాలి. నేను హైదరాబాదులో పుట్టి పెరిగాను. ఏటా నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే, ఊగే కొలంబస్ ఓడలో చిట్టచివరి సీటు నాది. మా అన్నయ్య మధ్యలో కూర్చుని కూడా వాంతి చేసుకునేవాడు, నేను దిగి మళ్ళీ ఎక్కుతాననేదాన్ని. పెళ్ళయి అమెరికా వచ్చిన కొత్తలో రఘు ఆఫీసు స్నేహితులతో కలిసి న్యూజెర్సీలోనే ఒక పార్కుకి వెళ్ళాం. అప్పుడు నాకు మూడో నెల నడుస్తోంది. మూడు నెలలు నిండేదాకా ఎవరితోనూ అనకండి, దిష్టి తగులుతుందని అత్తయ్యగారు ఫోన్లో ఒకటికి పదిసార్లు చెప్పారు. అందరూ పెద్ద రైడ్ ఎక్కుతున్నారు, వసుమతి ఎందుకు రావట్లేదని ఎవరో అడిగారు. రఘు తడుముకోకుండా, "తనకి భయం" అన్నాడు. ఎంత చక్కగా అబద్ధం చెప్పాడో అనిపించింది నాకు. అతని భుజం వెనక నిలబడి భయపడుతున్న మొహం కూడా పెట్టాను. బయటికి తెలియని బిడ్డ ఒకటి మా ఇద్దరి మధ్యా ఉందని, ఆ రోజంతా ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం.

అవని పుట్టింది. అబద్ధం మాత్రం పోలేదు. ఏడాది తిరిగాక వేరే పార్కులో నేను ఎక్కబోతుంటే స్నేహితులే వెనక్కి లాగారు, నీకు భయం కదా అని. రఘు కూడా అవునవునన్నాడు. నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వట్లేదు. తను చెప్పిన మాట తనే నమ్మేశాడు. ఆ తర్వాత ఆ మాట రైడ్ల దగ్గర ఆగలేదు. హైవే మీద డ్రైవ్ చేయడం నీకు భయం, కీస్ ఇలా ఇయ్యి అనేవాడు. మంచులో బండి తీయడం భయం. ఆఫీసులో టీమ్ లీడ్‌గా చేస్తావా అని మా మేనేజర్ అడిగిన రోజు ఇంటికొచ్చి చెప్తే, "అంత టెన్షన్ నువ్వు తట్టుకోలేవు వసూ, నీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు, ప్రేమగానే అన్నాడు. అదే నా ఒళ్ళు మండే విషయం. అత్తయ్యగారు ఫోన్లో చుట్టాలతో, మా కోడలు బంగారం, కాకపోతే ప్రతిదానికీ భయమే అంటుంటే, నేను అవతల గదిలో బట్టలు మడతపెడుతూ వినేదాన్ని. ఇన్నేళ్ళూ ఎందుకు కాదనలేదంటే ఏం చెప్పను? మొదట్లో సరదాగా ఉంది. తర్వాత వాదించే ఓపిక లేదు. చివరికి, హైవే ఎక్కితే నిజంగానే నా చేతులు వణకడం మొదలుపెట్టాయి.

రెండో రోజు కూడా ఉడుత నన్నే లేపింది. మళ్ళీ ఉప్మా, జడలు, బస్సు, మళ్ళీ అదే గేటు. ఈసారి ఆ అమ్మాయి నన్ను అడగనే లేదు. రఘు, అవని రెండు విడతలు ఎక్కి దిగారు. మధ్యాహ్నం చెట్టు నీడలో పులిహోర తింటున్నప్పుడు రఘు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "త్రివేణీ, అర్లీ ఎంట్రీ మాత్రం సూపర్ వర్త్. నో స్ట్రెస్ ఎట్ ఆల్." నేను అతని చేతికంటిన పసుపుకి తడి టిష్యూ అందించాను. పక్కన అవని చెల్లెలికి రోలర్ కోస్టర్ గురించి కథలు చెప్తోంది. మూడో ఏడు వెళ్ళి నాలుగో ఏడు వచ్చిన అనిక నోరు తెరుచుకుని వింటోంది. "నువ్వు టాల్ అయ్యాక ఎక్కుతావా? నాన్నలాగా అవుతావా, అమ్మలాగా స్కేర్డ్ అవుతావా?" అని అడిగింది అవని.

అనిక ఆలోచించింది. నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. "అమ్మలాగా. నేను కింద కూర్చుంటా" అంది.

అది నా మీద ప్రేమ కొద్దీ అన్న మాటే. రఘు నవ్వాడు, అత్తయ్యగారు దాని బుగ్గ గిల్లారు. నేను మాత్రం నా డబ్బాకి మూత పెట్టేశాను. నా సంగతి సరే, నేను నవ్వి ఊరుకున్నాను, అది నేను చేసుకున్నదే. ఇంకా ఎత్తే చాలని పిల్ల, కొండ ఎలా ఉంటుందో చూడకముందే కింద చోటు వెతుక్కుంటోంది. అదీ నన్ను చూసి. దాని జుట్టు సర్దుతూ కూర్చున్నాను గానీ, సాయంత్రం దాకా ఎవరేమన్నారో నాకు గుర్తు లేదు. గదికొచ్చాక పడుకునే ముందు ఒకే ఒక్క పని చేశాను. వైరు చాలినంత మేర జరిపి, ఫోన్‌ని మంచం తల మీదుగా తెచ్చి రఘు వైపు పెట్టాను.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసింది. రైస్ కుక్కర్ వంక చూడకుండా స్నానం చేసి, బూట్లు వేసుకుని కూర్చుని తాళ్ళు కట్టుకుంటుంటే అత్తయ్యగారు కళ్ళు తెరిచారు.

"ఇంత పొద్దున్నే ఒక్కదానివీ ఎక్కడికమ్మాయ్?"

"పార్కుకి అత్తయ్యా. అరగంట ముందు ఫ్రీగా వదుల్తారు కదా."

ఆవిడ నా చేతుల వంక చూశారు. బ్యాగు లేదు, డబ్బాలు లేవు. టీపొడి ఎక్కడుందో, మాత్రలు ఎక్కడున్నాయో చెప్పాను. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగాను.

బస్సులో నా ఒడి ఖాళీగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. పార్కులో పరిగెత్తేవాళ్ళు పరిగెత్తారు, నేను నడిచాను. డ్రాగన్ కొండ దగ్గర ఎంతమంది అని అడిగితే ఒక్కదాన్నే అన్నాను. మొట్టమొదటి వరసలో కూర్చోబెట్టారు. బండి పైకి ఎక్కుతుంటే గుండె దడదడలాడింది. ఏమో, రఘు అన్నదే నిజమయిందేమో, ఇన్నేళ్ళలో నేను మారిపోయానేమో అనుకున్నాను. అంచున ఆగింది. కింద పార్కంతా కనబడింది, చెట్లు, చెరువు, అవతల మా హోటలు. తర్వాత పడిపోయాం. నేను అరిచాను. పిల్లలు నిద్ర లేస్తారని గానీ పక్కింటివాళ్ళు వింటారని గానీ చూసుకోకుండా అరిచి ఎన్నేళ్ళయిందో. భయం వేసింది, నిజంగానే వేసింది. భలే ఉంది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ ఎక్కాను. ఆ అరగంట అయిపోయేదాకా అదే పని.

తర్వాత కాఫీ కొనుక్కుని గేటు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. ఫోన్‌లో రఘు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పార్కుకి వచ్చాను, డ్రాగన్ కొండ దగ్గరున్నాను, నెమ్మదిగా తెమిలి రండని మెసేజ్ పెట్టాను. ఎండెక్కాక, గేట్లు అందరికీ తెరిచాక వచ్చారు. అనిక చొక్కా తిరగేసి ఉంది. అవని జుట్టు విరబోసుకుని ఉంది. అత్తయ్యగారి చేతిలో హోటల్ కాగితం కప్పులో టీ. రఘు మొహం ఎర్రగా కందిపోయింది, సన్‌స్క్రీన్ మర్చిపోయినట్టున్నాడు.

"ఎవడో ఉడుత గొంతుతో ఫోన్ చేస్తే రాంగ్ నంబర్ అని పెట్టేశాను. అర్లీ ఎంట్రీ మొత్తం వేస్ట్ అయిపోయింది వసూ" అన్నాడు.

"నాకవ్వలేదు" అన్నాను. డ్రాగన్ కొండ నాలుగుసార్లు ఎక్కానని చెప్పాను.

అవని కళ్ళు పెద్దవి చేసింది. "నిజంగానా అమ్మా? నీకు భయం కదా?"

రఘు నవ్వి, జోక్ చేస్తోందిలే అన్నాడు. నేను లేచి అనిక చొక్కా సరిచేసి, దాన్ని తీసుకెళ్ళి అతని చంకకి ఎక్కించాను. అత్తయ్యగారి ముందు ఎప్పుడూ అతన్ని మీరు అంటాను. ఆ రోజు అనలేదు.

"నువ్వు అనికతో ఇక్కడ ఆగు. అవని, నేను వెళ్ళొస్తాం" అన్నాను. అవని వైపు తిరిగాను. "నాకు భయమని మీ నాన్న మొదటిసారి చెప్పినప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. మూడో నెల. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని అలా చెప్పాడు."

రఘు నా వంక తిరిగాడు. మొహం చూస్తే తెలిసింది, అతనికి గుర్తు లేదు. నాకు ఏడుపొచ్చింది, మింగేశాను. అత్తయ్యగారు కప్పులోకి చూస్తూ, "చెప్పద్దన్నది నేనేరా" అన్నారు నెమ్మదిగా. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. అనికని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుని నిలబడ్డాడు.

గేటు దగ్గర అమ్మాయి నన్ను గుర్తుపట్టి చెయ్యూపింది. అవని ఇంకా అర్థం కానట్టే చూస్తోంది. "అంటే, నన్ను హైడ్ చేయడానికి అబద్ధం చెప్పారా?"

"అవును" అంటూ దాని చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు పుట్టి పదకొండేళ్ళయింది. ఇంకెంతకాలం దాస్తాం నిన్ను? పద."