చిన్‌యూ కడిగిన సామాన్లు

చిన్‌యూ పొడవాటి పటకారు ముక్కు తెరిచి, సన్నటి బ్రష్షు దూర్చి తిప్పింది. దీపం కింద పెట్టి చూసి మళ్ళీ కడిగింది. ఇరవయ్యారేళ్ళుగా చియాయి ఊళ్ళోని ఈ ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడగడమే ఆవిడ ఉద్యోగం. ఇంతవరకూ ఒక్క ఆపరేషనూ చూడలేదు. ఇవాళ ఒంటిగంటకి జరిగేదీ చూడబోదు, ఎందుకంటే బల్ల మీద పడుకునేది ఆవిడే.

ఎడమ కిడ్నీలో పదకొండు సెంటీమీటర్ల గడ్డ. నాలుగు చిన్న కన్నాలు పెట్టి, గొట్టాల్లోంచి పనిముట్లు పంపి, కిడ్నీతో సహా కోసి సంచిలో వేసి, కింద చిన్న గాటులోంచి లాగేస్తామన్నాడు డాక్టర్ వెంగ్. రక్తం ఆగకపోతే మాత్రం పొట్ట మొత్తం తెరవాల్సిందేనట. ఆ ‘మాత్రం’ విన్న దగ్గర్నుంచి ఆవిడకి నిద్ర లేదు.

అందుకే రోగి గౌను మీద ఏప్రన్ కట్టుకుని వార్డులోంచి దిగొచ్చేసింది. తన సామాన్లు ఇంకొకళ్ళు కడగడమా?

"అక్కా, పైన నర్సులు నీకోసం మంచాల కింద కూడా వెతుకుతున్నారట," అంది పక్క సింకు రూలాన్.

"వెతకనీ. వాళ్ళకీ నడుం వంగుతుంది."

క్రిములు చంపే ఆవిరి యంత్రం నెత్తిన ఎప్పుడూ ఒక ఆకుపచ్చ చిరుతిళ్ళ ప్యాకెట్టు ఉంటుంది. అదుంటే యంత్రం మారాం చెయ్యదని అక్కడందరి నమ్మకం; రంగు ఆకుపచ్చే కావాలి, గడువు దాటకూడదు. చిన్‌యూ దాని మీద తేదీ చూసింది. గడువు నిన్నటితో అయిపోయింది. మొగుడికి ఫోన్ చేసింది.

లియాంగ్ పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఏ పనైనా చవగ్గా చేస్తాడు. పావుగంటలో అవే చిరుతిళ్ళవి రెండు పసుపుపచ్చ ప్యాకెట్లతో దిగాడు.

"పసుపు రంగా! పసుపు రంగుది పెడితే యంత్రం ఆగిపోతుందయ్యా! నన్ను చంపడానికే తెచ్చావా?"

"ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇచ్చాడు. రుచి కూడా ఇదే బాగుంటుంది."

"యంత్రం రుచి చూస్తుందా?"

"చూడనప్పుడు రంగు మాత్రం చూస్తుందా?"

ఇరవయ్యారేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. చిన్‌యూ ఇంకా గట్టిగా తిట్టింది. ఆఖరికి రూలాన్ పరిగెత్తి మూడో దుకాణంలో ఆకుపచ్చది పట్టుకొచ్చింది. సామాన్లు లోపల పెట్టి మీట నొక్కారు. నలభై నిమిషాలు ముగ్గురూ దాని ముందే నిలబడ్డారు. దీపం వెలిగింది. కట్ట మీద చీటీ రంగు మారింది, అంటే ఆవిరి సరిగ్గా తగిలినట్టే. చిన్‌యూ రెండుసార్లు చూసి, సంతకం పెట్టి, పైకెళ్ళింది.

పన్నెండున్నరకి ఆవిణ్ణి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఒంటి మీద నగలేవీ ఉండకూడదంది నర్సు. ఎడమ చేతికి జేడ్ రాతి గాజు ఉంది, పెళ్ళినాటిది.

"అది రాదమ్మా," అన్నాడు లియాంగ్. "ముప్ఫయ్యేళ్ళయింది. నూనె రాసినా రాలేదు."

నర్సు సబ్బు తేవడానికి వెళ్ళింది. చిన్‌యూ చెయ్యెత్తి వేళ్ళు కిందికి వాల్చింది. గాజు దానంతటదే జారి దుప్పటి మీద పడింది.

ఇద్దరూ దాన్ని చూశారు. ఇంతలా చిక్కిపోయానా అని ఆవిడ అడగలేదు. ఆయన గాజు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"వేళకి అన్నం తిను. ఇక్కడే కూచోకు," అంది చిన్‌యూ.

వార్డుబాయ్‌లు వచ్చి తోసుకెళ్ళారు; మంచం ఆపరేషన్ గది తలుపులు దాటి వెళ్ళిపోయింది.

నర్సు సబ్బుతో వచ్చేసరికి లియాంగ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. అరచేతిలో గాజు. పైనంతా గీతలే, చేతికి ఒరుసుకున్న లోపలి వైపు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.