నడుము గుడ్డలో థీ పండు

ఉదయం నుంచి న్యాన్ కాలు ఒకచోట నిలవలేదు. రెండేళ్ళుగా మీథో ఊళ్ళోని నాటక కంపెనీలో పాట నేర్చుకుంటూ, దాసీ వేషాలేస్తూ పడి ఉన్న పదిహేడేళ్ళ పిల్లకి ఈ మధ్యాహ్నం ఆటలో రాణి వేషం దక్కింది. ఎప్పుడూ రాణి వేషం కట్టే దియెప్‌కి గొంతు బొంగురుపోయింది మరి. పాట మొదటి వరుస చివర గొంతు జారి కింది స్వరం మీద వాలే చోట హాలు చప్పట్లతో మోగాలి. మోగకపోతే మళ్ళీ దాసీ వేషమే.

ఆ కంగారులోనే బుద్ధి గడ్డి తిని, అమ్మమ్మ పంపిన, గుప్పున వాసనొచ్చే పసుప్పచ్చ థీ పండుని నడుము గుడ్డలో ముడేసుకుంది. భయమేస్తే దాన్ని వాసన చూడటం చిన్నప్పటి అలవాటు. నాటకశాలలోకి ఆ పండు తేకూడదని అక్కడ చీపురు పట్టేవాడికీ తెలుసు. తెర వెనక పీఠం మీద ఉండి ఆటని కాచే బాలదేవుళ్ళు ఆ వాసన వెంట పోతారు, ఆటని గాలికొదిలేస్తారు.

పావుగంటలో తెర లేస్తుందనగా కంపెనీ నడిపే ఖాంగ్ గురువు ముక్కు ఎగబీల్చాడు.

“థీ పండు! ఎవరు తెచ్చారు? లాయ్, పొద్దున సంతకెళ్ళింది నువ్వేగా?”

“నా దగ్గర ఇస్త్రీ వాసన తప్ప ఏముంటుందయ్యా?” అంది దుస్తులు చూసే ముసలి లాయ్.

“నోర్ముయ్. బయటికి నడు. రేపట్నుంచి రావద్దు.”

లాయ్ కళ్ళనీళ్ళతో సూదులపెట్టె సర్దుకుంది. నోరు మెదపకపోతే పాట తనదే అనుకుంది న్యాన్. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

“పిన్నిని పంపకండి గురువుగారూ. నేనే తెచ్చా.”

“నువ్వా! కిరీటం తియ్యి!”

“ఆగండి మాస్టారూ,” దియెప్ బొంగురు గొంతుతో అంది. “దేవుళ్ళు పండు వెంట పోతారంటారు కదా?”

“పోతారు.”

“పండుతోనే దీన్ని స్టేజెక్కించండి. వాళ్ళూ అక్కడికే వస్తారు.”

గురువు బుర్ర గోక్కుని, పీఠం దగ్గర మూడు అగరొత్తులు వెలిగించాడు. “పో. పాట చెడిందో, పండూ నువ్వూ పడవెక్కి ఇంటికి పోవడమే.”

న్యాన్ పాడింది. స్వరం జారి, వణికి, వాలింది. హాలు చప్పట్లతో హోరెత్తింది.

పొంగిపోతూ తెర పక్కకి చూసింది. దియెప్ కూడా చప్పట్లు కొడుతోంది, కళ్ళలో నీళ్ళు తుడుచుకోకుండా. గొంతు బాగుపడ్డాక ఈ అక్కకి ఏ వేషం మిగులుతుందో అప్పుడు తట్టింది న్యాన్‌కి. గిటారు రెండో వరుస ఎత్తుకుంది. పాడక తప్పదు.